కానుకల బల్ల మీద ఇన్సులిన్ డబ్బా

ఆ రోజుల్లో నేను గుంటూరులో సర్జరీ కొత్తగా పాసై, పొద్దున ఆపరేషన్లు, మిగతా వేళల్లో ఎలుకలతో కాపురం చేసేవాణ్ణి. ఒక ఎలుక క్లోమంలోంచి ఇన్సులిన్ తయారుచేసే కణాలు తీసి, షుగరున్న ఇంకో ఎలుక ఒంట్లో నాటడం నా పరిశోధన. ఎందుకింత పిచ్చి అంటే మా పిన్ని కోసం. చిలకలూరిపేట దగ్గర పల్లెలో టీచరు. బడికెళ్ళే వయసు నుంచీ ఇన్సులిన్ సూది లేందే ఆమెకు పూట గడవదు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. చాలా ఎలుకలు నన్ను ఏడిపించాక, ఒకదానికి షుగరు తగ్గింది. పట్టలేని సంతోషంతో ఫోను చేసి, "పిన్నీ, ఇక నీకు సూదితో పనుండదు" అన్నాను. (ఎలుక నుంచి మనిషి దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆ ఫోనులో చెప్పలేదు.) నాలుగు రోజులకే దాని షుగరు మళ్ళీ ఎగబాకింది. నామోషీ వేసి అదీ చెప్పలేదు.

ఈలోగా పిన్ని దేవుడికి కృతజ్ఞత చెప్పే ప్రార్థన కూడిక పెట్టేసింది. అడిగింది దొరికేదాకా ఆగకుండా, దొరుకుతుందని నమ్మిన రోజే కృతజ్ఞత చెప్పే రకం ఆవిడ. శనివారం సాయంత్రం ఇంటి ముందు షామియానా, మైకు, మిరపకోతల నుంచి తిన్నగా వచ్చి కూర్చున్న ఆడవాళ్ళు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు మైకిచ్చారు. మైకు దొరికితే నాకు ఒళ్ళు తెలియదు. కణాలు నాటడం అచ్చం మిరపనారు నాటినట్టేనని వర్ణిస్తూ కానుకల బల్ల వైపు చూశాను. బుట్టెడు ఎండుమిరపకాయలు, కాళ్ళు కట్టిన కోడి, ఆ రెండింటి మధ్య పిన్ని ఇన్సులిన్ డబ్బా.

"పిన్నీ, సూది ఎప్పుడు మానేశావ్?" అన్నాను, మైకులోనే.

"నిన్న పొద్దున్నించీరా. నువ్వు చెప్పాక ఇంకెందుకని." గొంతు నీరసంగా ఉంది. నా సంచిలోని షుగరు చూసే మిషనుతో (ఎలుకలకు వాడేదే, సూది మాత్రం కొత్తది) చూస్తే, అంకె చూపించకుండా కొలతకు అందనంత ఎక్కువంది. డబ్బా అందుకోబోతే పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. "దేవుడికిచ్చింది వెనక్కి తీసుకుంటామట్రా?"

ఇక దాచడానికి లేదు. "ఎలుకకి మళ్ళీ పెరిగింది పిన్నీ. పది రోజులైంది. సిగ్గేసి చెప్పలేదు."

పాస్టరు గారే లేచి డబ్బా తీసి నా చేతిలో పెట్టారు. "ఇది దేవుడు పుచ్చుకోలేదమ్మా. ఆయనకి ఎలుక సంగతి ముందే తెలుసు." నేను సూది వేస్తుంటే వెనక నుంచి ఒక ముసలామె అడిగింది, "ఆ ఎలక బతికే ఉందా బాబూ?" ఉందన్నాను. "అయితే దానిక్కూడా ఓ ప్రార్థన చెయ్యండి అయ్యగారూ." చేశారు. పిన్నిని పేట ఆసుపత్రికి తీసుకెళ్ళే ఆటో వచ్చేలోగా నా ఎలుకకు ఊరంతా ఆమెన్ చెప్పింది.

పిన్ని రెండు రోజులు ఆసుపత్రిలో సెలైను మీద ఉంది. కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "తగ్గిందని చెప్పడానికి ఫోనుంది, పెరిగిందని చెప్పడానికి లేదా?" నేను ఏడ్చాను.

ఇప్పుడు ప్రొఫెసర్ని. ఏ సభలోనైనా నా ప్రయోగాల్లో చెడిపోయినవే ముందు చదువుతాను. నా శిష్యులు దాన్ని పెద్దమనిషితనం అనుకుంటారు, నేనూ కాదనను. మైకు పట్టుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ డబ్బా గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నోరు ఎండిపోతుంది. ఆదివారం ఆరాధన కాగానే పిన్ని ఫోను చేస్తుంది. "ఎలక ఎలా ఉందిరా?" ఉన్నదున్నట్టు చెబుతాను. అంతా విని, "సరే, నేను సూది వేసుకున్నాలే" అంటుంది.