కళాయి చూసే లసుమవ్వ

సిరిసిల్ల నేతవాడల్లో ఎవరింట పెళ్లయినా వంట లసుమవ్వదే. ఇత్తడి గుండిగ లోపల కళాయి, అంటే తగరపు పూత, అరిగి ఇత్తడి పచ్చగా మెరిసిందా, అందులో చింతపండు పులుసు చచ్చినా కాయనిచ్చేది కాదు. "రేపు మంది వాంతులు జేసుకుంటే నువ్వు ఎత్తిపోస్తవా?" అని పెళ్లికొడుకు తండ్రి మీదే విరుచుకుపడేది.

నక్సలైట్ల రోజులవి. ఓ పెళ్లి మర్నాడు ఎస్సై వచ్చి, "నిన్న అన్నలకు బువ్వ పెట్టినవా?" అని గద్దించాడు.

లసుమవ్వ చేతిలో గరిటె ఆగలేదు.

"నేను గుండిగ మొకం జూస్త గని మనుషుల మొకం జూడ సారూ. కళాయి లేనిదాంట్ల వండితే తిన్నోళ్లంత దవాఖానల దొరుకుదురు. నా వంట తిన్నోళ్లు యాడ దొరుకుతరు?"