మనిషి లేని జాగా

చిక్కడపల్లిలో మేము కిరాయికున్న ఇంట్లో నాలుగు వాటాలు, అందరికీ ఒకటే నల్లా. రోజు విడిచి రోజు వచ్చే మంజీర నీళ్ల కోసం అమ్మ తెల్లవారకముందే బిందెతో నిలబడేది. ఆ నల్లా దగ్గర ఆమె ఒంటరిగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లోనూ అంతే. పక్కవాటాలో తుమ్మితే మా వంటింట్లో ఉలిక్కిపడేవాళ్లం.

తొంభైల నడుమ నాకు నారాయణగూడలో ఉద్యోగం వచ్చింది. కొలువు కుదిరిందో లేదో, స్నేహితులతో కలిసి హుస్సేన్ సాగర్‌లో కంపుకు ముక్కు మూసుకుని కయాక్ నడపడం నేర్చుకున్నాను. ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తెడ్డు వేసే సన్నటి పడవ అది. వానలు తగ్గాక అందరం మంజీర జలాశయం చూసొచ్చాం. నీళ్ల మధ్య దీవి ఉందని, దాన్ని పక్షులకే వదిలేశారని, అక్కడ గుడి లేదు, గుడిసె లేదు, చాయ్ బండి కూడా లేదని ఇంటికొచ్చి గొప్పలు పోయాను.

బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మనిషే లేని జాగ ఉంటదా బిడ్డా?"

"ఒడ్డు మీదికెళ్లి చూసొచ్చిన గద!"

"నన్ను తీస్కపో. ఒక్కసారి ఆడ నిలబడి వస్త. సుట్టూ ఎవ్వరూ లేకుంట."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ తనకోసం అడిగింది అదొక్కటే. ఎలాగైనా ఆమె కాలు ఆ నేల మీద పెట్టించాలని పంతం పట్టాను. అటవీశాఖ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి అనుమతి సంపాదించాను, స్నేహితుల దగ్గర కయాక్ అడిగి తెచ్చాను.

ఆదివారం పొద్దున ఒడ్డున ఉన్న కాపలాదారు జాగ్రత్తలు చెప్పాడు. "ఆ పక్క ఇసుకుంటది, దాని మీద దిగుండ్రి అక్కా. చెట్ల కిందికి మాత్రం పోవద్దు. మొసళ్లుంటయ్, నీళ్లల్ల చేతులు పెట్టకుండ్రి."

ఇంకొకరైతే అక్కడికక్కడే వెనక్కి తిరిగేవారు. అమ్మ కుచ్చిళ్లు ఎత్తి దోపి, లైఫ్ జాకెట్ మీద కొంగు నిండుగా కప్పుకుని ముందు కూర్చుంది. పక్షుల ముందైనా మర్యాద మర్యాదే మరి.

కొంతదూరం పోయాక తెడ్డు నుంచి జారే చుక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత పచ్చి చేపల వాసన కొట్టింది. దీవి మీది తుమ్మచెట్ల నిండా తెల్లబట్టలు ఆరేసినట్టుంది. దగ్గరికి పోతే అవన్నీ కొంగలు! కొమ్మ కొమ్మకూ గూళ్లు, ఒక గూడు అంచు ఇంకో గూటికి తగులుతోంది. ముక్కులు టకటకలాడిస్తూ ఒకటే గోల. ఎండ పడకుండా రెక్కలు చాపి పిల్లల మీద నిలబడ్డ తల్లులు. ఒక పెద్ద కొంగ ఎగిరొచ్చి గూటి మీద వాలింది. దాని ముక్కు నుంచి నీళ్లు ధారగా పిల్లల నోళ్లలో పడ్డాయి.

"నీళ్లు తెచ్చి పోస్తున్నది" అంది అమ్మ. మనల్ని అడగకుండా, మనం ఉన్నామని కూడా తెలియకుండా ఇంత పెద్ద సంసారం ఇక్కడ నడుస్తోందా? నా జన్మలో అంత చిన్నదాన్నైపోయింది, అంత సంతోషపడ్డది అప్పుడే.

కయాక్ ఇసుకకు తగిలింది. ఆ చప్పుడుకు దగ్గరి చెట్టు మీది గోల ఆగింది. రెండు మూడు తల్లులు గూళ్లలోంచి లేచి మెడలు చాపాయి. వాటి కింది పిల్లలు ఎండలో పడ్డాయి. పడవలోంచి ఒక కాలు ఎత్తిన అమ్మ దాన్ని మళ్లీ లోపలికి తీసుకుంది.

"దిగవేంది?"

"పురిటిల్లు బిడ్డా. పిలవకుంట ఎట్ల పోతం? వెనక్కి తిప్పు."

నాకు ఒళ్లు మండింది. "ఎవ్వరూ లేని జాగ కావాలన్నవ్, ఇంత దూరం తెచ్చిన!"

"ఉన్నరు గద" అంది, చెట్ల మీదినుంచి కళ్లు తిప్పకుండానే.

వెనక్కి తెడ్డు వేశాను. తల్లులు మళ్లీ గూళ్లలో సర్దుకున్నాయి, టకటకలు మొదలయ్యాయి. దూరంగా పడవ ఆపి, చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాం. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

మర్నాడు నల్లా వచ్చే రోజు. వరుసలో వెనక నిలబడ్డ పక్కవాటా ఆమె అడిగింది, "ఏం వదినా, దీవి మీదికి పోయినవా?"

అమ్మ నల్లా కింద బిందె సర్దింది.

"లోపలికి పోలే. పసిపిల్లలున్నరు, గడప కాడినుంచే చూసొచ్చిన."