నల్లి కనపడేదాకా

కెమెరా లెన్స్ కొనడానికి ఎవరూ మిరప కొమ్మ పట్టుకుని వెళ్ళరు. నేను వెళ్ళాను. స్టీలు టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి, దాని మీద కొమ్మను పడుకోబెట్టి మూత పెట్టాను. డబ్బాను స్కూటీ ముందు సంచిలో నిలబెట్టుకుని, సీతాఫల్‌మండిలో మా ఇంటి దగ్గర్నుంచి సికింద్రాబాద్ దాకా గతుకులు తప్పించుకుంటూ నడిపాను. డబ్బాలో ఉన్న నల్లులు బతికుండగానే లెన్స్ ఎంచుకోవాలి. అందుకే సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ మూత తడిమి చూసుకున్నాను.

ఇదంతా ఎందుకో చెప్పాలంటే మా దుకాణం సంగతి చెప్పాలి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు దగ్గర్లో మాకు పురుగు మందుల దుకాణం ఉంది. నాన్న పెట్టాడు, ఆయన తర్వాత నేను నడుపుతున్నాను. పొద్దున్నే మార్కెట్‌లో సరుకు దించిన రైతులు ఇళ్ళకు మళ్ళే ముందు మా దగ్గర ఆగుతారు. చొక్కా జేబులోంచో, తువ్వాలు ముడిలోంచో ఒక ఆకు తీసి బల్ల మీద పెట్టి, జెర చూడమంటారు. ఆ ఒక్క ఆకు చూసి రోగమేమిటో చెప్పాలి. తడుముకోకుండా చెప్పేవాళ్ళకే ఈ వ్యాపారంలో పేరు. భూతద్దం తీశామంటే మనకు తెలియదని అర్థం, ఆ రైతు పక్క దుకాణం మెట్లెక్కుతాడు. నాన్న భూతద్దం ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ ముట్టుకోలేదు. నాకు డిగ్రీ ఉంది, అంతకంటే పెద్ద నోరుంది. భూతద్దం మాత్రం సొరుగులో రబ్బరు బ్యాండ్ల కింద పడి ఉండేది.

మిరపాకు ముడుచుకుపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలు చూస్తాం. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు. అంచులు కిందికి వంగితే నల్లి, మంచాల్లో చేరేది కాదు, ఆకు రసం పీల్చే పురుగు. తామర పురుగు కాస్త కష్టపడితే కంటికి ఆనుతుంది. నల్లి ఆనదు. దేని మందు దానిదే. తామర పురుగు మందు కొడితే నల్లికి ఏమీ కాదు సరికదా, ఆ నల్లిని తినే చిన్న పురుగులన్నీ చచ్చి దానికి ఇంకా సుఖమవుతుంది.

నిరుడు మేడ్చల్ అవతల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నాన్న ఉన్నప్పటి నుంచీ మా దగ్గరికే వస్తాడు. నన్ను బిడ్డా అంటాడు, నేను పెద్దబాపు అంటాను. జేబులో బీడీకట్ట పక్క నుంచి ఆకు తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు దుకాణం నిండా మనుషులున్నారు. ఆకు పైకి చుట్టుకుని ఉంది. ఒక్క చూపు చూసి "తామర పురుగు" అన్నాను, సీసా తీసి చేతిలో పెట్టాను. వెనక నుంచి ఎవరో నాన్నను తలుచుకుని "అచ్చం బాపు తీరుగనే ఉన్నది" అన్నారు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు.

పది రోజులకు ఆయన మళ్ళీ వచ్చాడు. "మందు కొట్టిన బిడ్డా. తగ్గుత లేదు" అన్నాడు.

"సరిగ్గ కొట్టలేదు పెద్దబాపు. ఆకు కింద తడవాలె. ఊకె పైపైన కొడితే ఏమైతది" అని కసిరాను. ఇంకో ఆకు తెచ్చావా అని కూడా అడగలేదు. అదే మందు ఇంకొకటి ఇచ్చి పంపాను.

ఆ తర్వాత ఆయన రాలేదు. నెల గడిచినా జాడ లేకపోయేసరికి నాకే ఏదోలా అనిపించి, ఒక ఆదివారం ఆ ఊరు వెళ్ళాను. చేనులో ఎటు చూసినా ఆకుల అంచులు కిందికే వంగి ఉన్నాయి. కాత లేదు. నాలుగు కాయలున్నా గిడసబారిపోయాయి. అది నల్లి అని చిన్న పిల్లలు కూడా చెబుతారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మందుల తప్పేం లేదు బిడ్డా" అన్నాడు ఆయన గట్టు మీద కూర్చుని. "నాకే కొట్టుడు చాతగాలె. వయసైపాయె."

అప్పుడే చెప్పాల్సింది. ఊరికే తలూపి, ఒక ఆకు తెంపి నా సంచి జేబులో వేసుకుని వచ్చేశాను. దుకాణానికి వచ్చి తీసి చూస్తే, చెట్టు మీద కిందికి వంగి ఉన్న ఆ ఆకు ఎండి, పైకి చుట్టుకుని ఉంది. జేబులో ప్రయాణం చేసిన ఆకు ఎటు తిరగాలనిపిస్తే అటు తిరుగుతుంది. ఇన్నేళ్ళుగా మేం చూసి రోగాలు చెప్పింది అలాంటి ఆకులనే. మిగతా ఎంతమందికి తప్పు చెప్పానో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఈ ఒక్కటి మాత్రం తెలుసు.

ఆ రోజే రెండు నిర్ణయాలు తీసుకున్నాను. కంటితో చూడని పురుగుకు మందు ఇవ్వను. ఆ పురుగును రైతుకు కూడా చూపించకుండా ఇవ్వను. పెద్దాయనకు నిజం చెప్పడమనే మూడోది కూడా ఉండాలి. రుజువుతో సహా చెప్పాలని దాన్ని వాయిదా వేశాను. భయాన్ని అలా పద్ధతిగా మడతపెట్టి లోపల పెట్టుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

ముందు భూతద్దంతోనే మొదలుపెట్టాను. నాకు కొంత కనపడేది. రైతు చేతికిస్తే చెయ్యి వణికి, వెలుతురు చాలక "ఏం కనవడ్తలేదమ్మా, నువ్వు చెప్పినవంటే ఉన్నట్టే" అని తిరిగిచ్చేవాడు. నేను చెప్పానంటే ఉన్నట్టే అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. ఇద్దరం కలిసి ఒకే బొమ్మ చూడాలి, తెర మీద పెద్దగా చూడాలి. చదువుకునే రోజుల్లో కొన్న కెమెరా బీరువాలో ఉంది. దానికి దగ్గరి వస్తువులను తీసే మాక్రో లెన్స్ కావాలి.

లెన్స్‌ను పరీక్షించడానికి నల్లి కావాలి కదా. డాబా మీద కుండీలో మిరప మొక్కలు నాటి, నల్లి పట్టిన ఆకులు తెచ్చి వాటి మీద వేశాను. పురుగు మందులమ్మే మనిషి నల్లిని సాకుతోందని మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పి నవ్వాడు. నవ్వనిచ్చాను. మూడు వారాలకు ఆకులు వంగాయి. డబ్బా కట్టుకుని బయల్దేరాను.

ఆ కెమెరా దుకాణం ఒక సందులో, మేడ మీద ఉంది. వాడిన లెన్స్‌లు అమ్ముతారు, రిపేర్లు చేస్తారు. నడిపే ఆయన అరవై దాటిన ముస్లిం పెద్దమనిషి. ఏ లెన్స్ కావాలో చెప్పగానే "పూలకా మేడం, నగలకా?" అని అడిగాడు.

"నల్లికి" అని డబ్బా మూత తీశాను. ఆయన చాయ్ గ్లాసును బల్ల ఆ చివరికి జరిపాడు.

"భయపడకుండ్రి భాయ్. ఇవి మొక్కలనే తింటయ్, మనుషుల జోలికి రావు" అన్నాను. అయినా గ్లాసును వెనక్కి తెచ్చుకోలేదు.

మొదట ఒక పొట్టి లెన్స్ బిగించాడు. తేలిగ్గా ఉంది, బొమ్మ బాగానే ఉంది. కానీ ఆకును పెద్దగా చూడాలంటే దాని మూతి ఆకుకు తగిలేంత దగ్గరికి పోవాలి. అంత దగ్గరికి పోయేసరికి లెన్స్ నీడే ఆకు మీద పడి చీకటైంది. వద్దన్నాను.

రెండోది వంద మిల్లీమీటర్లది. జానెడు దూరం నుంచే తీస్తుంది, వెలుతురు హాయిగా లోపలికి వస్తుంది. ఆకు ఈనె పక్కన ఒక తామర పురుగు నడుస్తూ దొరికింది. వెనక తెర మీద దాన్ని చూసి ఆయనే ముచ్చటపడ్డాడు. "మాషా అల్లా, కాళ్ళు సుత లెక్కపెట్టొచ్చు" అని, ఇక బేరం అయిపోయినట్టే లెన్స్ పెట్టె కోసం వంగాడు.

"నల్లి ఏది భాయ్?" అన్నాను.

తెర మీద తెల్ల చుక్కలున్నాయి. అందులో నల్లి ఏదో, దుమ్ము ఏదో నాకు తెలియలేదు. ఆయనకూ తెలియలేదు. వస్తువు ఎంత ఉంటే లోపలి సెన్సార్ మీద కూడా అంతే పడుతుందని, మాక్రో అంటే అదేనని, డాక్టర్లూ నగల దుకాణాల వాళ్ళూ అందరూ ఇదే పట్టుకుపోతారని ఓపిగ్గా చెప్పాడు.

"వాళ్ళకు నల్లితోని పని లేదు. నాకు ఉన్నది. కనపడేదాక నేను లేవను" అన్నాను. స్టూలు ముందుకు లాక్కుని కూర్చున్నాను కూడా. ఇంట్లో నా మొండితనం గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు గానీ, ఆ రోజు అదే నన్ను కాపాడింది.

ఆయన అట్టడుగు అరలోంచి ఒక పాత పెట్టె తీశాడు. "సైనిక్‌పురి నుంచి ఒక సార్ ఇచ్చిపోయిండు. ఇది డబుల్ సైజు చూపిస్తది. కానీ ఆటో ఫోకస్ లేదు, అంత చేతితోనే. పరేషాన్ అయితరు మేడం. ఎవ్వరు అడుగరు దీన్ని."

బిగించి చూశాను. నిజంగానే పరేషాన్ అయ్యాను. ఊపిరి పీల్చినా బొమ్మ చెదిరిపోతోంది. కింద బస్సు పోతే బల్ల కదులుతోంది. అరగంట తీసినా అంతా పొగమంచే. చివరికి లెన్స్ రింగు తిప్పడం మానేశాను. కెమెరాను రెండు పుస్తకాల మీద కదలకుండా పెట్టి, ఆకును ఖాళీ అగ్గిపెట్టె మీద పరిచి, ఆ అగ్గిపెట్టెనే వెంట్రుకవాసి ముందుకు జరుపుతూ పోయాను. భాయ్ కూడా పంతానికి వచ్చాడు. బిస్కెట్లు చుట్టిన బటర్ పేపరు చింపి టార్చికి అడ్డం పెట్టి, వెలుతురు మెత్తగా పడేలా పట్టుకుని నిలబడ్డాడు.

కనపడింది. ఉడికిన సగ్గుబియ్యం గింజలా, లోపలికి కనిపించేంత తేటగా ఉంది. కాళ్ళున్నాయి. పక్కన గుడ్లున్నాయి. పెద్దాయన చేనును తినేసింది ఇదే. దీన్ని నేను ఎన్నడూ చూడకుండానే, ఇది కాదని నలుగురిలో గట్టిగా చెప్పాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. దాచుకోలేదు.

"ఏమైంది మేడం? బాగ రాలేదా?" అన్నాడు భాయ్.

"బాగొచ్చింది. ఇదే కావాలె నాకు" అన్నాను. ఆయన లెన్స్ తుడిచి పెట్టెలో పెట్టాడు.

దుకాణంలో కొత్త పద్ధతి మొదలుపెట్టాను. జేబులో ఆకు తెస్తే చూడను. కొమ్మ తెంపి, తడిగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి తేవాలి. ఆకు చూడటానికి ఇన్ని తంటాలా అని కొందరు నవ్వారు, కొందరు పక్క దుకాణానికి వెళ్ళారు. పోనిచ్చాను. మిగిలినవాళ్ళు కెమెరాకు తగిలించిన పాత టీవీ ముందు నిలబడి, తమ చేనులోని పురుగును తామే చూసుకునేవాళ్ళు.

ఈ ఏడు పెద్దాయన మళ్ళీ మిరపే వేశాడు. వచ్చాడు కూడా. ఎవరు చెప్పారో గానీ, తన సద్ది డబ్బాలోనే కొమ్మ పెట్టి తెచ్చాడు. మూత తీస్తే మామిడికాయ తొక్కు వాసన వచ్చింది. ఆకును అగ్గిపెట్టె మీద పరిచి జరపడం మొదలుపెట్టాను. తాజా ఆకుల అంచులు కిందికే వంగి ఉన్నాయి, వాటిలో ఏముందో నాకు అప్పటికే తెలుసు. భయమంతా తర్వాత చెప్పాల్సిన మాట గురించే.

టీవీ మీద నల్లి కనపడింది. ఒకటి కాదు, ఏడెనిమిది. ఆయన ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"గింత ఉంటదా ఇది?"

"కంటికి కనపడదు పెద్దబాపు."

తెర మీది నుంచి చూపు తిప్పకుండానే "నిరుడు సుత ఇదేనా?" అని అడిగాడు.

వెనక ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే చెప్పాను. "ఇదే. నేను తామర పురుగు అన్న. చూడకుండ చెప్పిన. రెండుసార్లు తప్పు మందిచ్చిన. మీదికెల్లి నీకు కొట్టుడు రాలేదన్న. నీ చేతిల ఏం తప్పు లేకుండె. తప్పంత నాది. చేనుకొచ్చినప్పుడే నాకు తెలిసింది, చెప్పనీకె ధైర్యం చాలలే."

తిడతాడనుకున్నాను. తిట్టినా పడాలనుకున్నాను.

"ఇంట్ల గూడ అందరు గదే అన్నరు, నాకు చాతనైత లేదని" అన్నాడు ఆయన నెమ్మదిగా. "నేను గూడ నమ్మిన. గీ యేడు మందు కొట్టే పంపు ముట్టలే నేను. కూలికి మనిషిని పెట్టి కొట్టిపిస్తున్న."

ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. పంట పోయిందనే ఇన్నాళ్ళూ బాధపడ్డాను. ఆయన చేతుల మీద ఆయనకున్న నమ్మకాన్ని కూడా తీసేశానని నాకు తట్టనే లేదు. అరలోంచి నల్లి మందు తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని అందుకుని రెండు వైపులా తిప్పి చూసి, సంచిలో వేసుకున్నాడు. ఖాళీ సద్ది డబ్బాకు మూత బిగించాడు. మెట్టు దిగబోతూ ఆగాడు.

"ఇది నేనే కొడ్త" అన్నాడు. "ఐతారం ఇంకో కొమ్మ తెస్త. చూసినంకనే చెప్పు బిడ్డా."