దొంగ చుక్క

హజీరా రేవు దగ్గర లంగరేసిన ఓడలకు మనుషుల్ని చేరవేసే చిన్న పడవను మా బావ, అంటే అక్క మొగుడు, నడిపేవాడు. నేను ఆయన చేతి కింద. రాడార్ చూడటం నేర్పింది ఆయనే. పెద్ద ఓడ పక్కనుంచి పోతుంటే, దాన్నుంచి తిరిగొచ్చే రాడార్ తరంగం మా పడవ స్తంభానికి తగిలి, లేని చోట ఓ పడవ ఉన్నట్టు తెర మీద చుక్క పడేది. వాటిని మేం దొంగ చుక్కలనేవాళ్లం.

"అనుమానమొస్తే పడవ జర తిప్పి సూడు. దొంగదైతే పోతది, అసలుదైతే ఆడనే ఉంటది," అనేవాడు. మంచు పడ్డ పొద్దున ప్రతి చుక్కకూ నేను హడలిపోతుంటే, "ఏందిరా, తాడును సూసి పామంటవ్" అని నవ్వేవాడు. కొన్నేళ్లకు తిప్పకుండానే తేల్చేయడం నాకూ వచ్చేసింది. నిజానికి అది పొగరు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు అక్కా బావా నేనూ రేవు దగ్గరి ఇచ్ఛాపూర్‌లో ఒకే ఇంట్లో ఉన్నాం. బావకు జ్వరం. ఆరో రోజు సాయంత్రం ఆయనే లేచి, స్నానం చేసి, ఖిచిడీ తిన్నాడు. వేలికి ఆక్సిజన్ మీటర్ పెట్టాను. తొంభై అయిదు పైన ఉండాల్సింది, ఎనభై రెండు చూపించింది.

"తానం చేసినగదా, చేతులు సల్లగుంటే తక్కువ సూపిస్తది‌రా. దొంగ చుక్క," అన్నాడు బావ.

నేనూ నవ్వాను. అంత హాయిగా మాట్లాడే మనిషికి ఎనభై రెండేమిటి? గుమ్మంలో నిలబడ్డ అక్క, "ఇంకో వేలికి పెట్టి సూడరాదు తమ్మీ," అంది.

"నీకు తెల్వదక్కా, మిషన్లు గిట్లనే అబద్ధాలాడతయ్," అని మీటర్ తీసి డబ్బాలో పెట్టేశాను.

తెల్లారేసరికి బావ పెదాలు నల్లబడ్డాయి. పట్నానికి ఆటోలో బయల్దేరాం. అడాజన్‌లో రెండు ఆసుపత్రులు మంచాల్లేవన్నాయి. మూడోదాని గేటు ముందు, ఆటోలో, నా భుజం మీద తల పెట్టుకునే పోయాడు.

ఇప్పుడు ప్రతి చుక్కకూ పడవ తిప్పుతాను. డీజిల్ దండగని పడవ యజమాని సేఠ్ తిడతాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నాకూ తెలుసు.

బావ దినాలు అయిపోయాక ఒకరోజు ఆ డబ్బా తీశాను. కుళాయి కింద చేతులు బాగా చల్లబడేదాకా ఉంచి, తడి తుడుచుకుని, మీటర్ పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది. ఇంకో వేలికి మార్చాను. తొంభై ఎనిమిదే. చేతులింకా చల్లగానే ఉన్నాయి.

అక్క గుమ్మంలోనే నిలబడి చూస్తోంది.

"ఇప్పుడెందుకు తమ్మీ," అంది. "నేనన్ననాడు పెట్టకపోతివి."