నున్నబడ్డ కళ్లెం

గుర్రాల జీనులు, పగ్గాలు కుట్టేవాడి చేతులు ఎప్పుడైనా చూశారా? బొటనవేలి చర్మం కుట్టే తోలుకంటే మొద్దుగా ఉంటుంది. వీధంతా తోలు మామయ్య అని పిలిచే ఇతడివీ అలాంటి చేతులే. మనసు మాత్రం వెన్న. ఆ గుట్టు భార్యకొక్కదానికే తెలుసు.

అతడు కుడుతుంటే ఆవిడ పక్కన కూర్చుని కథలు చదివేది. దొంగల కథలైపోయాయి, రాజుల కథలైపోయాయి. చివరికి ఒక పాత నవల దొరికింది. అందులో ఒక గుర్రమే తన బతుకు చెప్పుకుంటుంది.

"ఏమే, గుర్రానికి నోరుంటే ముందు నన్నే తిట్టిపోస్తుంది," అని నవ్వాడు మామయ్య.

"తిట్టనివ్వండి. నా తిట్లు పడట్లేదూ?"

కళ్లెం ఘట్టం దగ్గర అతడి సూది ఆగిపోయింది. ఈ లోకంలో ఎన్ని ఊళ్లు తిరిగినా ఒకటే తంతు: గుర్రాన్ని పరుగెత్తించడానికి మనిషికి ఒక్క కొరడా చాలు, ఆపడానికే నానా రకాల ఇనుము కావాలి. అందులో ముళ్ల కళ్లేలు తన చేత్తో ఎన్ని బిగించాడో!

మర్నాడు బండివాడు పట్టీ తెగిందని తన తెల్ల గుర్రం కళ్లెం తెచ్చాడు. నోట్లో పెట్టే కడ్డీకి ముళ్లు, ముళ్లకు ఎండిన నెత్తురు. మామయ్య పట్టీ కుట్టాడు. అడక్కుండానే ముళ్లన్నీ ఆకురాయితో అరగదీసి, ఏమీ ఎరగనట్టు ఇచ్చేశాడు. బండివాడు కుట్టిన పట్టీ మాత్రమే చూసుకుని పట్టుకుపోయాడు.

"వాడితో చెప్పారా?" అంది భార్య.

"చెబితే ఒప్పుకుంటాడా, రాతిగుండె వెధవ!"

చదును దారిలో గుర్రం అలవాటు కొద్దీ నడిచింది, అలవాటు కొద్దీ ఆగింది. కానీ ఏళ్ల తరబడి 'ఆగు' అన్న మాటను ముళ్లతోనే విన్న ప్రాణి అది. ఒకనాడు నిండు బండితో పల్లం దిగుతుంటే బండివాడు పగ్గాలు లాగాడు. దానికి తెలియలేదు. బండి వెనకనుంచి మీదికొచ్చేసింది.

కబురు విని మామయ్య పరుగెత్తాడు. గుర్రం ముందుకాళ్లు రెండూ విరిగి పడి ఉంది. పశువుల డాక్టరు ఇంజక్షన్ సిద్ధం చేస్తున్నాడు. దాని తల బండివాడి ఒళ్లో ఉంది.

"తప్పు నాదే మామయ్యా. సరుకు ఎక్కువేశాను. లేకపోతే ఎప్పుడూ మాట జవదాటేది కాదు."

మామయ్య అతడి పక్కన చతికిలబడ్డాడు. "ముళ్లు... నేనే అరగదీశానురా," అన్నాడు చివరికి.

బండివాడు కొట్టలేదు, తిట్టలేదు. కొట్టినా బాగుండేది.

"ఒక్క మాట చెప్పకూడదా? నాలుగు రోజులు ఖాళీ బండి కట్టి, పక్కన నడుస్తూ నేర్పుకునేవాణ్ణి కదా. ఆ కళ్లెం నేను కొన్నదా ఏంటి? గుర్రంతో పాటే వచ్చింది. మెత్తగా కూడా తోలొచ్చని నాకెవరు చెప్పారు?"

గుర్రం గోడు పుస్తకంలో విన్నవాడు, గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఒక్క మాట అడగలేదు.

"అది తీసెయ్ మామయ్యా. దాంతో పంపలేను దీన్ని."

మామయ్య కట్టు విప్పి కడ్డీ బయటికి తీశాడు. నాలుక మీద పుండ్ల చోట లేత చర్మం వచ్చింది. బండివాడు వంగి చూశాడు, ఉన్నట్టుండి డాక్టరు చేతికి అడ్డం పడ్డాడు.

"ఆగండి బాబూ, ఇదిగో చూడండి, మానుతోంది! మానుతోందండీ!"

డాక్టరు మామయ్య వైపు చూశాడు. మామయ్యే బండివాణ్ణి రెండు చేతులా పొదివి పట్టుకుని, పక్కకు జరిపాడు.