పైపు పట్టిన అక్క

నా చిన్నప్పుడు, తెలంగాణ ఇంకా రాకముందు, నాచారంలో మా గల్లీకి నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో దాన్ని నడిపేవాడికి కూడా తెలిసేది కాదు. పొద్దున్నే బిందెలన్నీ వరుసగా పెట్టి గడపల మీద కూర్చునేవాళ్లం. నేను ఒక్కచోట కుదురుగా ఉండే పిల్లను కాను. హారన్ వినిపించిందంటూ పదిసార్లు మలుపు దాకా ఉరికి వచ్చేదాన్ని. తీరా ట్యాంకర్ వచ్చాక వరుస గాలికి పోయేది. పైపు ఎవరు లాక్కుంటే వాళ్లవే నీళ్లు.

పక్కింటి అక్కకు పోలియో. చంకకర్రతో ఆ తోపులాటలోకి రాలేకపోయేది. మందుల కంపెనీలో పని ఆమెది, ఎనిమిదింటి బస్సు తప్పితే ఆ రోజు పని లేనట్టే. అందరూ పట్టుకున్నాక ఎవరో ఒకరు "పాపం" అంటూ ఆమె బిందెలో ఇన్ని నీళ్లు పోసేవారు. ఆ మాటకు ఆమె ముఖం మాడిపోయేది.

ఒకరోజు నేనేదో మహా పుణ్యం చేస్తున్నాననుకుని ఆమె బిందెను అందరికంటే ముందుకు జరిపాను. అక్క చంకకర్ర టకటకలాడిస్తూ వచ్చి, దాన్ని మళ్లీ ఏడో చోటులోనే పెట్టింది.

"నిన్నెవరు జరపమన్నరు? నా నంబర్ నాకు చాలు."

నాకు ఒళ్లు మండింది. మంచి చేస్తే కసురుతుందా! ఏడుస్తూ మా నాయనమ్మకు చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు సరికదా, తిన్నగా అక్క దగ్గరికి వెళ్లి, "ఏం జేస్తే నీకు తక్లీఫ్ లేకుంటది బిడ్డా?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ మాట మాలో ఒక్కరమూ అడగలేదు.

అక్క బిందెల వరుస వైపు చూసింది. "కూసునేటందుకు స్టూల్ ఉంటే పైపు నేనే పడ్త అవ్వా. వరుస తప్పనియ్య."

ట్యాంకర్ రాగానే నాయనమ్మ మా స్టూల్ రోడ్డు మీద వేసింది. మీద పడబోయినవాళ్లను "జర ఆగున్రి!" అని గదిమి, పైపు అక్క చేతికిచ్చింది. కొందరు గొణిగారు. అయినా ఒకదాని తర్వాత ఒకటి బిందెలు నిండుతూనే ఉన్నాయి.

నేను ఊరుకుంటానా? స్టూల్ మాదే కదా అన్న ధీమాతో పదకొండో చోటులోని మా బిందెను నాలుగో చోటులో దూర్చాను. అక్క పైపు మడిచి పట్టుకుంది. నీళ్లు ఆగాయి.

"నీ నంబర్ రాలే. ఎనకకు పో."

గల్లీ అంతా నవ్వింది, మా నాయనమ్మతో సహా. సిగ్గుతో చచ్చిపోతూ వెనక్కి వెళ్లాను. ఏడో వంతులో అక్క తన బిందె తానే నింపుకుంది, అంచు దాకా. అందరివీ అయ్యాక అక్క బిందెను ఎత్తబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"తీస్కరావాల్నా అక్కా?"

"తే. పైలం, నిండుగుంది" అని నవ్వింది. ఆ రోజు ఆమెకు బస్సు కూడా అందింది.

ఇప్పుడు నా తల నెరుస్తోంది. ఎవరికైనా సాయం చేద్దామని చెయ్యి దానంతటదే ముందుకు పోతుంటే, మడిచి పట్టుకున్న ఆ పైపు కళ్ల ముందుకొస్తుంది. ముందు అడుగుతాను. వాళ్లు జవాబు చెప్పేదాకా ఆగుతాను. ఆ ఆగడమే నాకు ఇంకా కష్టం.