కిందినుంచి షురూ

ఇంటర్మీడియట్‌లో డిఫరెన్షియేషన్ సూత్రాలన్నీ నా మాట విన్నాయి, ఒక్కటి తప్ప. ఘాతాన్ని ముందుకు దింపి దాంట్లో ఒకటి తగ్గించడం నిద్రలో లేపి అడిగినా చేసేదాన్ని. భిన్నం దగ్గరికి వచ్చేసరికి కొంప మునిగేది. కిందిదాన్ని అలాగే ఉంచి పైదాని డెరివేటివ్‌తో గుణించాలి. అందులోంచి, పైదాన్ని కిందిదాని డెరివేటివ్‌తో గుణించి తీసేయాలి. అంతా కిందిదాని వర్గంతో భాగించాలి. నేనేమో పైదాన్ని ముందు రాసేదాన్ని. ప్లస్ రావాల్సిన చోట మైనస్ వచ్చి కూర్చునేది.

తప్పు నాది కాదు, యాకుత్‌పురాలోని మా ఇంటిది. గుళ్లో అర్చకుడైన మా తాత మేడమీద ఉండేవాడు. మొదటి వడ్డన ఆయనకు. తర్వాత బాపుకు, అన్నలకు. కింద వంటింట్లో అమ్మా నేనూ చివర, పులుసులో మునక్కాయ ముక్కలన్నీ మాయమయ్యాక. పదిహేడేళ్లు అలా తిన్న చెయ్యి పైదాన్ని కాక దేన్ని ముందు రాస్తుంది?

ఉర్దూలో చదువుకుని ఇంగ్లీషులో పాఠం చెప్పే మా లెక్కల సార్‌కు ఓపిక పోయింది. "నీచే సే షురూ కరో, బేటీ. కిందినుంచి," అన్నాడు. పరీక్షలోనూ ఇదే తప్పు చేస్తే లెక్కలు మాన్పించి చరిత్ర క్లాసులో కూర్చోబెడతానన్నాడు. నాకు ఏడుపొచ్చింది. లెక్కలంటే నాకు ప్రాణం. రాజుల తద్దినాలు బట్టీపట్టడం నావల్ల అయ్యే పని కాదు.

పరీక్షరోజు పొద్దున సూత్రం గొణుగుతుంటే అమ్మ ఏంటని అడిగింది. ఆమె ఎన్నడూ బడికి పోలేదు. ముందు కిందివాళ్లు, తర్వాతే పైవాళ్లు, అదీ మైనస్ పెట్టాక, అని చెప్పాను. అమ్మ గరిటె పక్కన పెట్టింది.

"మీ సారు మస్తు మంచోడున్నట్టుండు. కూసో. ఇయ్యాల మనం గట్లనే చేద్దాం."

రెండు కంచాలు పెట్టింది. అమ్మ వేడన్నం తినడం నేను అదే మొదటిసారి చూశాను. ఆచారం మంటగలిసిందని మేడమీదినుంచి తాత అరుపులు మొదలయ్యాయి. బాపు పేపరు వెనక దాక్కున్నాడు.

పరీక్షలో భిన్నం వచ్చింది. అలవాటుగా పైదాన్ని రాయబోతుంటే తాత అరుపు గుర్తొచ్చింది. ముందు కిందిదానికి వడ్డించాను.

నాలుగు రోజులకు దిద్దిన పేపరు ఇచ్చారు. సార్ చరిత్ర ఊసెత్తలేదు. సాయంత్రం అమ్మకు చూపిస్తే, మనం ఎక్కడున్నామని అడిగింది. మొదట్లోనే, అని వేలుపెట్టి చూపించాను. మరి తాతకేమొచ్చిందని అడిగింది.

"మైనస్."

కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత లేచి, ఎప్పటిలాగే మొదటి కంచం తాతకు వడ్డించి మెట్లెక్కింది. మునక్కాయ ముక్కలు రెండు మాత్రం కింద గిన్నెలో మూతపెట్టి ఉన్నాయి.